దోమకొండ గడి నుంచి నులకమంచం దాకా



హైదరాబాదుకు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కామారెడ్డికి దగ్గరలో దోమకొండ అనే ఊరు ఉన్నది. ఆ పేరు వినగానే నా వంటి వైద్యునికి ముందుగా 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రోనాల్డ్ రాస్ గుర్తుకు వస్తాడు. చరిత్ర తెలిసినవారికి మాత్రం గుర్తుకు వచ్చేది అక్కడి గడికోట. సుమారు 40 ఎకరాల విస్తీర్ణంలో రాతి ప్రాకారం, దాని చుట్టూ కందకం, లోపల కాకతీయ శైలిలో కట్టిన మహాదేవుని ఆలయం, కామినేని వంశీయుల భవనాలు. ఆ వంశానికి చెందిన కామినేని మల్లారెడ్డి 'షట్చక్రవర్తి చరిత్రము' రాసిన కవి. శిథిలమైపోతున్న కోటను పాత పద్ధతిలో సున్నపు గచ్చుతో మరమ్మతు చేయించగా 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం లభించింది.

దొరల గురించి, కవుల గురించి రాయగలవారు వేరే ఉన్నారు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ గడి మెట్లు ఎక్కిన కాళ్ళ చరిత్ర, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో నడిచిన, వంగిన, మోసిన, చివరకు మంచాన పడిన మనుషుల కాళ్ళ చరిత్ర. ముసలితనంలో చురుకుగా ఉండడం గురించి ఎంతోమంది ఎన్నో సలహాలు చెబుతారు. ఆ సలహాల అవసరం మనకు ఎప్పుడు, ఎందుకు వచ్చిందో చెప్పేవారు తక్కువ. మన తాతకు వ్యాయామం చేయమని ఎవరూ చెప్పలేదు. మనకు మాత్రం పొద్దున లేస్తే అదే మాట వినబడుతున్నది. ఈ మధ్యలో ఏమి జరిగింది?

మొదట ఒక భ్రమను తొలగించుకుందాం. 'పాతకాలం వాళ్ళు ఒళ్ళు వంచి పని చేసేవారు, అందుకే ఆరోగ్యంగా ఉండేవారు' అన్న మాట మీరు చాలాసార్లు వినే ఉంటారు. అందులో సగం నిజమే. తెలంగాణలో గడి అంటే పాలన, న్యాయం, శిస్తు మాత్రమే కాదు, వెట్టి కూడా. దేశ్‌ముఖులు, జాగీర్దారులు, సంస్థానాధీశుల కాలంలో ఊరి కులవృత్తులవారు కూలి లేకుండా మోయవలసినవి మోశారు, కొట్టవలసిన కట్టెలు కొట్టారు, నింపవలసిన గాబులు నింపారు. ఇంట్లో ఆడవారికి తెల్లవారుజామున విసుర్రాయి, తరువాత రోకలి, ఆ తరువాత చేదబావి. పొలంలో మగవారికి మోట, నాగలి. ఆ శరీరాలు రోజంతా కదిలేవి, నిజమే. కాని వంగిన నడుములు, అరిగిన మోకాళ్ళు, తలమోతల వల్ల నొక్కుకుపోయిన మెడలు కూడా ఆ కదలికల ఫలితమే. అప్పట్లో అరవై దాటినవారే తక్కువ. దాటినవారిని చూసి మనం ఆశ్చర్యపడతాము. దాటనివారు మన లెక్కలోకే రారు.

సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో వ్యాయామం గురించి వివరంగా ఉన్నది. వ్యాయామం చేసేవానిని ముసలితనం హఠాత్తుగా ఆక్రమించదని అందులో చెప్పారు. అంతకంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది: తన బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలి. వయసు, బలం, శరీరం, దేశం, కాలం, ఆహారం చూసుకొని చేయాలి, అతిగా చేస్తే రోగాలు వస్తాయి. ఈ నియమాన్ని మొదటిసారి చదివినప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే వెట్టికి, వ్యాయామానికి మధ్య గీత అక్కడే ఉన్నదనిపిస్తుంది. సగం బలం ఖర్చయిన చోట ఆగే హక్కు ఉన్నవాడు చేసేది వ్యాయామం. గడి ముందు కట్టెలు కొట్టేవానికి ఆ హక్కు లేదు. ఆధునిక పరిశోధకులు కూడా వేరే దారిలో ఇక్కడికే వచ్చారు. బతుకుతెరువు కోసం రోజంతా బరువులు మోసేవారికి, తీరిక వేళల్లో ఇష్టంగా నడిచేవారికి దక్కే లాభం దక్కడం లేదని డెన్మార్కుకు చెందిన ఆండ్రియాస్ హోల్టర్‌మన్ బృందం చూపింది. మోసేవానికి విశ్రాంతి చాలదు, గుండె గంటల తరబడి వేగంగా కొట్టుకుంటూనే ఉంటుంది, రక్తపోటు దిగదు.

కనుక గడి కాలం తిరిగి రావాలని ఎవరూ కోరుకోనవసరం లేదు. 1949లో హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు రద్దయ్యాయి. ఆ వెనకే రకరకాల యంత్రాలు వచ్చాయి. అయితే ఊళ్ళు శ్రమ నుంచి విముక్తి పొందుతున్న ఆ సంవత్సరాలలోనే, వేల మైళ్ళ దూరంలో వైద్యశాస్త్రం కదలిక విలువను కనుగొంటున్నది. ఈ రెండు కథలూ ఎదురెదురు దిశల్లో నడిచాయి.

వైద్యుల కథ ముందు చెబుతాను, ఎందుకంటే అందులో తప్పు మాది.

పందొమ్మిదో శతాబ్దపు పాశ్చాత్య వైద్యానికి విశ్రాంతి మీద అపారమైన నమ్మకం ఉండేది. 1863లో లండను శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్ నొప్పికి విశ్రాంతే మందు అంటూ ఇచ్చిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి తరతరాల విద్యార్థులకు పాఠ్యమయ్యాయి. విరిగిన ఎముకకు, క్షయ పట్టిన కీలుకు ఆ రోజుల్లో అది మంచి సలహాయే. క్రమంగా ఆ సలహా అన్ని రోగాలకూ పాకింది. గుండెపోటు వచ్చినవానిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కారు. పక్కకు తిరగాలన్నా నర్సు సాయం ఉండాలి. కాళ్ళలో రక్తం గడ్డకట్టి, అది ఊపిరితిత్తులకు చేరి రోగి చనిపోతే, గుండెపోటు తీవ్రత అనుకునేవారే తప్ప మంచాన్ని అనుమానించినవారు చాలా తక్కువ.

మొదట గట్టిగా అనుమానించినవారిలో బ్రిటిష్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ ఒకడు. 1947లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, మంచాన పడుకోవడంలోని ప్రమాదాల గురించి ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. ఊపిరితిత్తులు, రక్తనాళాలు, చర్మం, కండరాలు, ఎముకలు, మూత్రకోశం, మలబద్ధకం, చివరకు మనసు - మంచం వీటన్నిటినీ ఎలా పాడుచేస్తుందో ఒక్కొక్కటే వరుసగా చెప్పాడు. 1950ల ఆరంభంలో అమెరికాలోని బోస్టనులో శామ్యూల్ లెవీన్, ఆయన శిష్యుడు బెర్నార్డ్ లౌన్ గుండెపోటు రోగులను పడుకోబెట్టకుండా వాలుకుర్చీలో కూర్చోబెట్టారు. తోటి వైద్యులు మండిపడ్డారు. రోగులు మాత్రం ముందటికంటె బాగా కోలుకున్నారు. ఈ లౌన్ తరువాతి కాలంలో అణుయుద్ధానికి వ్యతిరేకంగా వైద్యుల సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. ఆ సంఘానికి 1985లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

ఆ తరువాతి అడుగు వేసినవాడు జెరెమీ మోరిస్. లండనులో రెండంతస్తుల బస్సులు తిరిగేవి. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరూ ఒకే సంస్థ ఉద్యోగులు, ఇంచుమించు ఒకే రకమైన ఇళ్ళు, ఒకే రకమైన తిండి. 1953లో లాన్సెట్ పత్రికలో మోరిస్ ప్రకటించిన లెక్కల ప్రకారం కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ, వచ్చినా దాని వల్ల వెంటనే చనిపోవడం ఇంకా తక్కువ. తపాలా శాఖలో చూస్తే సైకిలు మీద, కాలినడకన ఉత్తరాలు పంచేవారికి, బల్ల ముందు కూర్చునే గుమాస్తాలకు మధ్య ఇదే తేడా. మన హైదరాబాదు రోడ్ల మీదా ఒకప్పుడు డబుల్ డెక్కర్లు తిరిగేవి. వాటి మెట్ల మీద పరుగెత్తే కండక్టరును చూసినప్పుడల్లా నాకు మోరిస్ గుర్తుకు వచ్చేవాడు. ఆయన తన సిద్ధాంతాన్ని తానే పాటించాడు. 1910లో పుట్టి, 2009లో, నూరేళ్ళకు కొద్ది నెలల ముందు కన్నుమూశాడు.

ఇక నా మనసులో నిలిచిపోయిన ప్రయోగం 1966లో అమెరికాలోని డాలస్‌లో జరిగింది. ఇరవై ఏళ్ళ వయసున్న ఐదుగురు ఆరోగ్యవంతులైన యువకులను మూడు వారాలు మంచాన పడుకోబెట్టారు. మూడు వారాలు అంటే 21 రోజులు. వారి శరీరం ప్రాణవాయువును వాడుకోగల గరిష్ఠ శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. కథ అక్కడితో ముగియలేదు. ముప్పై ఏళ్ళ తరువాత పరిశోధకులు ఆ ఐదుగురినీ మళ్ళీ పిలిచి పరీక్షించారు. అప్పటికి వారికి యాభై ఏళ్ళు, బరువు పెరిగారు. అయినా వారిలో ఒక్కరి శక్తి కూడా నాటి మంచపు రోజుల స్థాయికి దిగజారలేదు. ముప్పై ఏళ్ళ వయోభారం చేయలేని నష్టాన్ని మూడు వారాల మంచం చేసిందన్నమాట! ఆ తరువాత ఆరు నెలలు క్రమంగా నడక, నెమ్మది పరుగు వంటివి చేయించగా, ముప్పై ఏళ్ళలో పోయిన శక్తి మళ్ళీ వచ్చింది.

ఈ పరిశోధనలన్నీ జరిగిపోయిన తరువాత కూడా నా వంటి వైద్యులు చాలాకాలం పాత చీటీలే రాశాము. నా ఉద్యోగపు తొలి సంవత్సరాలలో మోకాళ్ళ నొప్పితో ఒక పెద్దాయన వచ్చాడు. రోజూ పొద్దున పొలందాకా నడిచిపోయి వచ్చే మనిషి. 'విశ్రాంతి తీసుకోండి, నడక తగ్గించండి' అని రాసిచ్చాను. ఆయన మాట వినే మనిషి. ముందు పొలం మానాడు, తరువాత రచ్చకట్ట మానాడు, చివరకు వాకిలి మానాడు. రెండేళ్ళకు నేను ఆయనను చూసింది మంచం మీద. తొడ కండరాలు కరిగిపోయి కాళ్ళు కర్రల్లా ఉన్నాయి. మోకాలి నొప్పి మాత్రం అలాగే ఉన్నది. కీలును కాపాడేది దాని చుట్టూ ఉన్న కండరం, ఆ కండరాన్ని కాపాడేది కదలిక అని ఈనాడు ఏ ఫిజియోథెరపిస్టును అడిగినా చెబుతారు. ఆనాడు నేను చెప్పలేకపోయాను.

ఇక ఊరి కథకు వద్దాం.

మా తరం కళ్ళముందే ఊళ్ళో పనులన్నీ మారాయి. గిర్ని వచ్చి విసుర్రాయిని గోడకు ఆనించింది. కరెంటు మోటారు వచ్చి మోటను మాయం చేసింది. ట్రాక్టరు, ఆటో, మోటారుసైకిలు వచ్చాయి. కామారెడ్డి బెల్లం మార్కెట్టుకు బండి కట్టుకొని పోయే రోజులు పోయాయి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నుంచి కొడుకులు దుబాయి, మస్కట్ పోయి పంపిన డబ్బుతో పెంకుటిళ్ళ స్థానంలో డాబాలు లేచాయి. వాటిలో పాలరాతి వంటి నున్నని టైల్సు, ప్లాస్టిక్ కుర్చీలు, సోఫా, టీవీ, కుర్చీలాంటి కమోడు. ఇవన్నీ సుఖాలే, నేను వాటిని తప్పుబట్టను. చేదబావి దగ్గర నడుము విరుచుకున్న ఆడమనిషికి కుళాయి ఎంత వరమో తెలియనివారే పాతకాలాన్ని పొగుడుతారు. అయితే ఈ సుఖాల ఖరీదును ఇంట్లోని పెద్దలు చెల్లిస్తున్నారు. కొడుకులు దూరదేశాల్లో, కోడలు పనిలో, నున్నని నేల మీద జారతానేమోనని భయం. రోజంతా కుర్చీ నుంచి మంచానికి, మంచం నుంచి కుర్చీకి.

ఈ ప్రాంతంలో మరొక వృత్తిని గురించి తప్పక చెప్పాలి. దోమకొండ, భిక్కనూరు, కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో వేలమంది ఆడవారు బీడీలు చేస్తారు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, చేతిలో కత్తెర. తల వంచుకొని, గోడకు ఆనుకొని, ఒకే భంగిమలో గంటల తరబడి కూర్చుంటారు. వేళ్ళు మాత్రం ఆగవు. పదేళ్ళ వయసులో మొదలుపెట్టి అరవై దాకా చేసినవారు ఉన్నారు. వారు సోమరులని ఎవరైనా అనగలరా? వారంత కష్టపడేవారు అరుదు. అయినా వారి కాళ్ళు, తొడలు, నడుము లండను బస్సు డ్రైవరు కాళ్ళతో సమానం, పైగా తంబాకు ధూళి ఒకటి. ఒళ్ళు అలిసిపోవడం వేరు, ఒళ్ళు కదలడం వేరు అని నేను నేర్చుకున్నది ఈ ఆడవారి దగ్గరే. 'రోజంతా పనే గద సారూ, మళ్ళ నడుసుడెందుకు' అని వారు అడిగే ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు వారి వేళ్ళ గురించి కాదు, వారి తొడల గురించి చెప్పాలి.

అయినా ఈ బీడీ కార్మికులలో పెద్దవారికి ఒక మేలు మిగిలి ఉన్నది: వారు నేల మీద కూర్చుంటారు, నేల మీది నుంచి లేస్తారు. బ్రెజిల్‌లోని రియో డి జనైరో నగరంలో క్లాడియో జిల్ అరౌజో అనే వైద్యుడు 51 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 2002 మందిని పరీక్షించి 2012లో ఫలితాలు ప్రకటించాడు. పరీక్ష చాలా సులువు. నేల మీద కూర్చోవాలి, లేవాలి. చేయి, మోచేయి, మోకాలు వంటివి ఆన్చిన ప్రతిసారీ పదిలోంచి ఒక మార్కు పోతుంది. ఎనిమిదికి పైగా మార్కులు వచ్చినవారితో పోలిస్తే మూడు, అంతకు తక్కువ వచ్చినవారిలో ఆ తరువాతి సంవత్సరాల్లో మరణాలు ఐదారు రెట్లు ఎక్కువ. లేవడం వల్లనే ఆయుష్షు పెరిగిందని దీని అర్థం కాదు. కండబలం, తూకం, కీళ్ళ వంపు మూడూ కలిస్తేనే మనిషి నేల మీది నుంచి లేవగలడు. ఆ మూడూ ఉన్నవాడు పడిపోడు, పడినా లేస్తాడు. పంక్తి భోజనాలకు నేల మీద కూర్చున్న రోజుల్లో మనం ఈ పరీక్షను రోజుకు పదిసార్లు ఉత్తీర్ణులమయ్యేవాళ్ళం. దయచేసి ఇది చదివి ఒంటరిగా ప్రయత్నించకండి. మోకీళ్ళు మార్పించుకున్నవారు, తలతిరుగుడు ఉన్నవారు అసలే వద్దు.

ముసలితనంలో కండ కరగడానికి సార్కోపీనియా అన్న పేరు 1980ల చివరలోనే పుట్టింది. గ్రీకు భాషలో దాని అర్థం మాంసపు పేదరికం. పేరు కొత్తదైనా విషయం పాతదే. యాభై దాటిన దగ్గరి నుంచి ఏటేటా కొంత కండ పోతూ ఉంటుంది, బలం అంతకంటె వేగంగా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 65 దాటినవారిలో దాదాపు మూడింట ఒకరు ఏడాదికి ఒకసారైనా పడతారు. ఒకసారి పడినవారికి భయం పుడుతుంది. భయంతో కదలిక తగ్గుతుంది, దానితో కండ ఇంకా తగ్గుతుంది, మళ్ళీ పడతారు. తుంటి ఎముక విరిగితే ఆ ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో మీలో చాలామందికి అనుభవమే.

ఇది తిరిగి రాని దారి అని 1990 వరకు చాలామంది అనుకునేవారు. ఆ ఏడాది మారియా ఫియాటరోన్ అనే యువ వైద్యురాలు బోస్టనులోని వృద్ధుల సంరక్షణాలయంలో సగటు వయసు తొంభై ఉన్న పదిమందిని ఎంచుకొని, ఎనిమిది వారాలపాటు వారి తొడ కండరాలకు బరువులతో వ్యాయామం చేయించింది. తొంభై ఏళ్ళవారికి బరువులు! ఒక్కరు మధ్యలో మానారు. మిగిలిన తొమ్మండుగురికి తొడబలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్రను వదిలేశారు. పదిమంది మీద చేసిన చిన్న ప్రయోగమే, కాని తరువాత వందమంది మీద చేసినప్పుడూ బలం పెరగడం స్పష్టంగా కనిపించింది. వ్యాయామం ఆపినప్పుడు ఆ బలం తిరిగి తగ్గిందన్న సంగతి కూడా ఆ మొదటి పత్రంలోనే ఉన్నది.

మన నేల మీదికి వస్తే, 1951లో వినోబా భావే వార్ధా ప్రాంతం నుంచి హైదరాబాదు పక్కనున్న శివరాంపల్లికి సర్వోదయ సమావేశానికి కాలినడకనే వచ్చాడు. అప్పటికి ఆయనకు 55 ఏళ్ళు, కడుపులో పుండుతో బాధపడుతున్న బక్కపలచని మనిషి. అక్కడి నుంచి తెలంగాణ పల్లెల్లోకి నడిచి, ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలతో భూదానోద్యమం మొదలుపెట్టాడు. ఆ నడక దాదాపు పదమూడేళ్ళు సాగింది. భూదానం ఎంత సఫలమైందన్నది చరిత్రకారుల వాదన. 55 నుంచి 68 దాకా దేశమంతా నడిచిన ఆ శరీరం మాత్రం 87 ఏళ్ళు బతికింది. ఇక మన కాలంలో చిలుకూరి శాంతమ్మ గారు. తొంభై దాటిన వయసులో, మోకాళ్ళ శస్త్రచికిత్స తరువాత, రెండు ఊతకర్రలతో విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళి విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పారు. ఊతకర్ర పట్టుకోవడానికి సిగ్గుపడి ఇంట్లోనే కూర్చునే పెద్దలకు నేను ఆమె పేరే చెబుతాను. కర్రతో నడిచినా అది నడకే.

వ్యాయామం అనగానే ట్రాక్ సూటు, పార్కు గుర్తుకు వచ్చి చాలామంది పల్లె పెద్దలు నవ్వేస్తారు. వారికి నేను బతుకమ్మను గుర్తుచేస్తాను. తొమ్మిది రోజులు చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ, పక్కకు అడుగు వేస్తూ వలయంగా తిరగడం. పక్కకు అడుగు వేయడం తూకానికి ఎంతో మంచిదని నేటి వైద్యులు చెబుతున్నారు. ముసలివారు పడిపోకుండా చైనావారి తాయ్ చీ ఉపకరిస్తుందని ఎన్నో పరిశోధనలు తేల్చాయి. అందులోనూ ఉన్నది ఇదే, బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా మార్చడం. మన కోలాటంలో, ఈ ప్రాంతపు చిరుతల రామాయణంలో లయకు అడుగు వేసినవారికి అది కొత్త కాదు. విచారకరమైన సంగతి ఏమిటంటే, బతుకమ్మ నాడు కూడా ఇంటి పెద్దావిడకు గద్దె పక్కన కుర్చీ వేస్తున్నారు. అది మర్యాదే. నాలుగు చుట్లు తిరిగిన తరువాత వేస్తే బాగుంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడక వంటిది చేయాలి. వారానికి రెండు రోజులైనా కండబలం పెంచే పని, మూడు రోజులైనా తూకం పెంచే సాధన ఉండాలి. అంత చేయలేనివారు చేయగలిగినంత చేసినా లాభమే. రోజుకు పదివేల అడుగులు అన్నది మాత్రం శాస్త్రం నుంచి వచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత, 1965లో జపానులో అమ్మిన అడుగుల లెక్క యంత్రానికి పెట్టిన పేరు నుంచి వచ్చింది. ఆ సంఖ్యను చూసి ఎవరూ బెంగపెట్టుకోనవసరం లేదు.

నాకు లెక్కలంటే సరదా. దోమకొండ గడి 40 ఎకరాలు, గుండ్రంగా ఉన్నదనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 1400 మీటర్లు. పెద్దవారి నడకతో అది ఇరవై నిమిషాలు. రోజుకు ఒక చుట్టు, వారానికి 140 నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగినదానికి పదే తక్కువ! నిజానికి కందకం, పొలాలు, ఇళ్ళు అడ్డం వస్తాయి కనుక ఇది కాగితం మీది నడకే. మీ ఊరి చెరువు కట్టకో, గుడికో, బడికో ఇలాంటి లెక్క వేసుకుంటే మీకు సరిపోయే దారి దొరుకుతుంది.

ఆ మాట చెబుతూ ఉంటే ఆ ప్రాంతపు ఒక బీడీ కార్మికురాలు గుర్తుకు వచ్చింది. డెబ్బై దాటింది. ఒకసారి స్నానాలగదిలో జారింది, ఎముక విరగలేదు. కాని ఆ రోజు నుంచి ఇంట్లోవారు ఆమెను మంచం దిగనివ్వలేదు. 'లేస్తే పడ్తనేమో అని కోడలు లేవనిస్తలేదు సారూ' అన్నది. కోడలు పక్కనే నిలబడి ఉన్నది, కళ్ళలో నిజమైన భయం. ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఆ సలహా ఒకనాడు నేనూ ఇచ్చినదే కదా.

ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. గోడకు ఆనించిన గట్టి కుర్చీ, జారనిది. ముందు ఒక స్టూలు, పట్టుకోవడానికి. కుర్చీలోంచి లేచి నిలబడాలి, మళ్ళీ నెమ్మదిగా కూర్చోవాలి. దబ్బున కూలబడకూడదు, దిగేటప్పుడే తొడకు అసలు పని. మొదటి వారం ఐదుసార్లు, పూటకు ఒకసారి. ఊపిరి బిగబట్టకూడదు, పైకి లెక్కపెడితే ఊపిరి దానంతట అదే ఆడుతుంది. తరువాత గోడ పట్టుకొని మడమలు ఎత్తడం, పక్కకు నాలుగడుగులు. స్నానాలగదిలో గోడకు ఒక ఇనుప కడ్డీ, కింద గరుకు చాప, రాత్రి దీపం. బీడీ చేసేటప్పుడు కట్టకొకసారి లేచి వాకిలిదాకా పోయి రావడం. గుండెలో నొప్పి, ఆయాసం, కళ్ళు తిరగడం, కీలు వాచడం వంటివి ఉంటే ఆపి వైద్యుని దగ్గరికి రావడం. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఈ మధ్య శస్త్రచికిత్స అయినవారు ముందు తమ వైద్యుని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదని మీకూ చెబుతున్నాను.

మూడు నెలల తరువాత ఆమె వచ్చింది. కోడలు చేయి పట్టుకోలేదు, ఒక అడుగు వెనుక నడుస్తున్నది. ఎన్నిసార్లు లేస్తున్నావమ్మా అని అడిగాను. లెక్క తప్పుతున్నదని, అందుకే గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నానని చెప్పింది.